రెండు కొనలూ ఒకే డబ్బాకు

గోదావరిఖనిల ఓ గని ఆఫీసుల అటెండర్‌గా చేసిన. యాభై దాటినంకనే అక్షరాలు నేర్చుకున్న. అంతకు ముందు కాగితం మీది పేరు చదవరాక, అందరి టేబుళ్ల కాడ చూపించుకుంట తిరిగేటోన్ని.

రిటైర్మెంట్‌కు మూడు నెలలుందనంగ, ఓ పొద్దున ఊడుస్తుంటే, కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే డబ్బా కింద ఓ వైరు కొన వేలాడుతున్నది. ఊడిందేమోనని అదే డబ్బాకున్న ఖాళీ సాకెట్ల పెట్టిన. కొద్దిసేపట్లనే నెట్టంత బంద్. హాజరు మిషన్ల వేలిముద్ర పడతలేదు. ఫస్టు షిఫ్టోళ్లు లైన్ల నిలబడి ఒర్లుతున్నరు.

"ఎవడు ముట్టిండు?" అని మేనేజర్ సారు మండిపడ్డడు. నౌకరి పోతదనుకున్న. అయినా దాచలె. "నేనే సారూ, ఇగో ఈ వైరు" అన్న.

నెట్టు పని చూసే షబానా మేడం ఆ వైరు పీకంగనే షిఫ్టోళ్ల లైను కదిలింది.

"కాకా, ఏ కంప్యూటర్ ఏ వైరు నుంచి మాట్లాడిందో ఈ డబ్బా యాద్ పెట్టుకుంటది. ఎరుకలేని పేరు మీద కబురొస్తే అన్ని వైర్లకు పంపుతది. ఈ వైరు ఓ కొన ముందే దీంట్ల ఉన్నది, నువ్వు రెండోదీ పెట్టంగ రెండు కొనలూ దీనికే అయినయ్. పంపిందే తిరిగొస్తది, మళ్ల పంపుతది. ఇగ వేరే పని ఏడ చేస్తది?"

"చదువు రాకముందు నేను తిరిగినట్టే ఉన్నది గదమ్మా!"

ఆమె నవ్వి, సారు దిక్కు తిరిగింది. "కాక చెప్పకుంటే మధ్యాహ్నం దాకా వెతుకుదుము సార్." "సరే, ఇగ మీద అడగకుంట ముట్టకు" అని సారు తన రూముకు పోయిండు.

తర్వాత మేడం చీటీలు, పెన్ను నా చేతికే ఇచ్చి, ఏ వైరు ఎక్కడికో రాయమన్నది. వంకర అక్షరాలతోని అన్నీ రాసిన. ఖాళీ సాకెట్ మీద మాత్రం "అడిగి పెట్టు" అని అంటించిన.

నా నౌకరి నిలబెట్టి, నా రాతను నమ్మిన ఆ బిడ్డకు దండం.