మనసు లేని మొక్కు

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. మోటార్లకు వైండింగ్ చేసే ఆ మేస్త్రిని అందరూ ‘లేడుగారు’ అనేవారు. వయసులో ఉండగా దేవుడు లేడని నలుగురిలో గట్టిగా అన్న పాపానికి ఆ మాటే పేరై కూర్చుంది. “లేడుగారు ఉన్నారా?” అని ఎవరైనా కొట్టు ముందు నిలబడి పిలిస్తే, “ఉన్నాడు, రండి” అని ఆయనే నవ్వుతూ పలికేవాడు.

ఆ నవ్వు పైపైనే. శుభకార్యాలకు పిలిచినవాళ్లు భోజనాల వేళకు రమ్మనేవారు తప్ప ప్రార్థన వేళకు కాదు. భార్య పోతే ఆమె తరఫువాళ్లే ముందు నిలబడి అన్నీ జరిపించారు. ఆయన గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. మందిరం నీళ్ల మోటారు కాలిపోయినప్పుడు మాత్రం అది సందులోంచి ఆయన కొట్టు వెనక గుమ్మానికి వచ్చేది.

ఒక్కగానొక్క కూతురికి తల్లి భక్తి వచ్చింది. అయినా తండ్రీకూతుళ్లు ఏనాడూ మాటామాటా అనుకోలేదు. “నీ దారి నీది, నా దారి నాది నాన్నా” అనేది. ఆమెకు లేకలేక కలిగిన పాపకు గుండెలో రంధ్రం ఉందన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు ఆమె కొట్టుకొచ్చి, రాగితీగ చుట్టల మధ్య స్టూలు మీద కూలబడింది.

“ఒక్కసారి మందిరానికి రా నాన్నా.”

“నేనొస్తే ఏం ఒరుగుతుందమ్మా? నాకు నమ్మకం లేదు కదా.”

“నీకు లేకపోతే పోనీ, నాకుంది. తాత వచ్చి మొక్కితే మంచిదని మందిరం గురువుగారన్నారు. ఇన్నేళ్లలో నిన్నేమైనా అడిగానా?”

అడగలేదు. ఆయన చేతులకంటిన వార్నిష్ తుడుచుకుని, చొక్కా మార్చుకుని, ఆమె వెంట నడిచాడు.

మందిరంలో తలలన్నీ ఇటు తిరిగాయి. “ఉన్నాడన్నమాట!” అని ఎవరో కిసుక్కుమన్నారు. మోకాళ్లు పీకుతున్నా వంగి, నుదురు నేలకానించి, గురువు చెప్పిన మాటలు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. లేచేసరికి కూతురి ముఖం తేటపడి ఉంది. ఇంతమాత్రానికైతే రోజూ వంగొచ్చు అనుకున్నాడు.

పాప ఆపరేషన్ బల్ల మీదే పోయింది.

గుండె మరీ బలహీనంగా ఉందని డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పరామర్శకు వచ్చిన ఆయన అక్కే అందరి ముందూ అనేసింది: “మనసులో లేకుండా ఉత్తుత్తి మొక్కులు మొక్కితే ఊరుకుంటాడట్రా? ఆటలాడుకోడానికి ఆయనే దొరికాడా నీకు?”

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

“నువ్వు కూడానా అమ్మా?”

“నువ్వు రాకపోయినా బాగుండేది నాన్నా.”

రమ్మన్నది నువ్వే కదా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆ తర్వాత ఆమె పుట్టింటి గడప తొక్కలేదు. ఆయనే వెళితే అల్లుడు గుమ్మంలోనే నిలబడి, “పడుకుంది మామయ్యా” అనేవాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

కొట్లో తీగ చుడుతూ చుడుతూ ఆయన చెయ్యి ఆగిపోయేది. ఆ రోజు గురువు చెప్పినదాంట్లో ఏ మాటైనా నమిలేశానా, నుదురు సరిగ్గా నేలకు తగిలిందా అని వెతుక్కునేవాడు. వినేవాడెవడూ లేడని తెలుసు. తెలిసీ వెతుక్కునేవాడు.