బొట్టు పెడితే అలిగిన పెట్టె

ప్రొద్దుటూరులో పులివెందుల బస్సెక్కితే నాకు ఎప్పుడూ తెరుచుకోని కిటికీ పక్కనే సీటు దొరుకుతుంది. డిపోలో ఒక కిటికీని నా కోసమే బిగించి ఉంచారేమోనని అనుమానం. ఆ ఏడు దసరా తర్వాత ప్రతి ఆదివారమూ దాని పక్కనే ఉడుకుతూ మా మామ చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, పోయొచ్చాను.

మామంటే పిల్లనిచ్చిన మామ. నేను కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను కాబట్టి, కరెంటుతో నడిచేది ఏది ఆగినా నేనే చూడాలని ఆయన నమ్మకం.

తోటలో డ్రిప్పు నడిపే పెట్టె ఒకటి పెట్టించుకున్నాడు. ఏ వరసకు ఎప్పుడు నీళ్లు వదలాలో అదే చూసుకుంటుంది. కొత్త బోరు మోటారు దాని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. పాత మోటారైతే స్టార్టరు బటన్‌లో పుల్ల దోపి నడిపేవాళ్లం. ఆ మోటారూ, స్టార్టరూ పాత ఇనుములో పోయాయి.

ఆయుధపూజ నాడు ట్రాక్టరుకూ, మందు కొట్టే మిషనుకూ బొట్టు పెట్టాక పెట్టె వంతు వచ్చింది. పైన పెడితే వానకు కారిపోతుందని, స్క్రూలు విప్పి లోపలి పచ్చ బోర్డుకే పెట్టాడు, భక్తిగా. మూత తెరిస్తే దొంగలు పడ్డారనుకుని తాళం వేసుకునేట్టు దానికి నేర్పి ఉన్నారు. వేసుకుంది. మోటారు ఆగిపోయింది.

"బొట్టు పెడితే అలిగేది యాడన్నా ఉంటాదా అల్లుడా?"

కంపెనీకి ఫోన్ చేశాను. మూత విప్పారు కాబట్టి తాళం తీయం, ఆ మోడల్ కూడా ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. ఇక్కడ ట్యాంకరు నీళ్లు చెట్ల ప్రాణానికే సరిపోతున్నాయి. కాయ రాలుతోంది.

అప్పుడు దాని యాప్‌లో ఎవరూ తెరవని చివరి పేజీ చదివాను. అందులో వాడిన సాఫ్ట్‌వేర్ చాలావరకు ఓపెన్ సోర్స్. ఎవరెవరో రాసి ఊరికే ఇచ్చింది. దాన్ని వాడుకున్న కంపెనీ, కొన్నవాళ్లు అడిగితే సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలని లైసెన్సు. మామ పేరు మీద మెయిల్ రాశాను. ఆ ఇంగ్లీషు చూస్తే నాకే భయమేసింది. కోడ్ పంపించారు! ఆ ఆదివారం కిటికీ మీద కూడా కోపం రాలేదు.

కోడ్‌లో మూతను కాపలా కాసే వరసలు తీసేశాను. జమ్మలమడుగులో సెల్‌ఫోన్లు బాగుచేసే స్నేహితుడి దగ్గర కోడ్ ఎక్కించే వైరు అరువు తెచ్చాను. పెట్టె అంతా ఓపిగ్గా తీసుకుని, కంపెనీ డిజిటల్ సంతకం లేదని తోసేసింది. లైసెన్సు మళ్లీ చదివాను. పాత రకం. కోడ్ ఇవ్వమంటుంది గానీ, ఆ సంతకం పెట్టే తాళంచెవి ఇవ్వమనదు. కంపెనీ పద్ధతిగానే నడుచుకుంది. ఫిర్యాదు చేద్దామన్నా నాకు తప్పు దొరకలేదు.

పైపు చుట్ట మీద కూర్చుని మామ అంతా చూస్తున్నాడు.

"ఏమాయె?"

"కోడ్ మన చేతిలో ఉంది మామా. ఎట్ల కావాలంటే అట్ల మార్చుకోవచ్చు."

"మార్చినావు గదా. నీళ్లు?"

"పెట్టె ఒప్పుకోవడం లేదు."

మామ లేచి, చెట్టు మొదట్లో రాలిన కాయ ఒకటి తీసి, పంచెకు తుడిచాడు.

"పెట్టె మనది కాదని తెలుసుకునేదానికా అల్లుడా, ఇన్ని దినాలు సదివినావు?"