తీగ మీద నీలం చొక్కా

సంగారెడ్డి లైబ్రరీలో ఫొటోల పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీలో లావణ్య కనిపించింది. చిట్కుల్‌లో మా పక్కింటి పిల్ల. తీగ మీద ఆరేసిన వాళ్ళ నాన్న కంపెనీ చొక్కా పక్కన నిలబడి ఉంది.

ఆ ఫొటోగ్రాఫర్ మా గల్లీకి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ముందు లావణ్యను తీశాడు. నాకు కడుపు మండిపోయింది. ఇంట్లోకి ఉరికి పండగ గౌను వేసుకుని, పౌడర్ పూసుకున్నాను. మా తీగ మీద నూనె మరకలతో నాన్న నీలం చొక్కా ఉంటే, ఫొటో పాడవుతుందని లాగి లోపల పడేశాను.

"అంకుల్, నన్ను గూడ తియ్యిండ్రి!"

ఆయన ఖాళీ తీగ వైపు చూశాడు. "గీడ చొక్కా ఉండె గదా బిడ్డా?"

"గది ఖరాబుంది. తీసేసిన."

ఆయన నవ్వి, ఒక్కటి నొక్కి వెళ్ళిపోయాడు.

"మొఖానికి సున్నమేసినవా ఏందే?" అంది లావణ్య.

పుస్తకం చివరిదాకా తిరగేసినా నా ఫొటో లేదు. ముందుమాట వదలకుండా చదవడం నా అలవాటు. పనివాళ్ళ ఇళ్ళ ముందు ఆరే చొక్కాల కోసమే ఆయన ఈ ఊళ్ళన్నీ తిరిగాడట. చిన్నప్పుడు వాళ్ళమ్మ రోజూ వాళ్ళ నాన్న పని యూనిఫాం ఉతకడం చూసి ఆ ఆలోచన పుట్టిందట.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. "నీ కంపెనీ చొక్కా ఒక్కటన్నా ఉందా నాన్నా?"

"ఏడిదే? ఎప్పుడో బండి తుడిచే బట్టయింది."

లావణ్య వాళ్ళ నాన్నది మాత్రం పుస్తకంలో ఇంకా ఆరుతోంది.