వాయుగుండం, వాటర్ పార్కు ఏనుగు

చెన్నకేశవస్వామి గాలిగోపురం కనిపించే చోట చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం జరిగిందే. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి.

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే రోడ్డు పక్కన ఒక వాటర్ పార్కు ఉంది. పెద్దగా ఊహించుకోకండి. రెండు జారుడుబల్లలు, ఒక ఈత కొలను, ఒక జెయింట్ వీల్, తొండంతో నీళ్లు చిమ్మే ఫైబర్ ఏనుగు, దూరం నుంచి వచ్చినవాళ్లు ఉండటానికి నాలుగు గదులు. నేను దానికి సూపర్‌వైజర్ని. ఓనరు టౌన్లో బట్టల దుకాణం నడిపే సెట్టిగారు. వయసులో పెద్దవాడు కాబట్టి నాకు అన్న. పార్కు ఆలోచన మాత్రం వదినెది. తాగను నీళ్లు లేని ఊళ్లో ఆడుకునే నీళ్లేందని బజారంతా నవ్వినా ఆమె పట్టుబట్టి కట్టించింది.

వాన ఎరగని చోట కట్టింది కాబట్టి దాని కాలువలన్నీ లోపలికే. గదుల కప్పుల మీది నీళ్లు, గుట్ట వాలు నీళ్లు, చివరికి రోడ్డు మీది నీళ్లు కూడా కొలను వెనక గుంతలో చేరాలి. గుంత చుట్టూ మట్టిగట్టు. పక్కనే, కాస్త పల్లంలో, మోటారు గది. నీళ్లు బయటికి పోను ఒక దారి పెట్టాలని ఇంజనీరుకు తోచలేదు, మేస్త్రీకి తోచలేదు, నాకూ తోచలేదు. నీళ్లు ఎక్కువైతే ఏం చేయాలని మా వైపు ఎవరూ ఎవరినీ అడగరు.

అలాంటి మాకు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని, అది తుఫానై ఒంగోలు వైపు తీరం దాటుతుందని ఫోన్లలో హెచ్చరికలు మొదలయ్యాయి. టౌన్లో ఒకటే సంబరం. కంభం చెరువు నిండుతుందని ఒకరు, కంది గట్టెక్కుతుందని ఒకరు. అన్న అయితే కొలనుకు నీళ్లు తోలే ట్యాంకరు వాడికి ఫోన్ చేసి ఇక ఈ యేడు రావద్దన్నాడు.

కానీ గిరాకీ లేక అప్పటికే ఆయన విసిగిపోయి ఉన్నాడు. మా అందరినీ పిలిచి, "ఈ గాలివానకు మోటార్లు గానీ పోయినాయంటే మళ్ళీ కొనేది లేదు. గేటుకు తాళమేసి పత్తి గోడౌన్ చేస్తా," అన్నాడు. వదినె మోటారు గది వైపు చూసింది. పార్కు మూతపడితే మేమంతా మళ్ళీ పనులు వెతుక్కోవాల్సిందే.

ఇక చూడండి మా ఏర్పాట్లు. జెయింట్ వీల్ తొట్లు విప్పి నేల మీద పేర్చాం. గొడుగుల గుడ్డలు ఊడదీశాం. ప్లాస్టిక్ కుర్చీలు ఎగిరిపోకుండా ఎక్కడ పెట్టాలంటే కొలనులోనే ముంచమని ఎవరో వీడియోలో చెబితే అట్లాగే ముంచాం. గదులూడ్చే అక్క అది చూసి, "ఇంక మంచాలు కూడా ముంచు నాయనా, చల్లగా పండుకుంటాం," అంది. మోటారు గది గడపకు ఇసుక మూటలు అడ్డం పెట్టాలట. ఇసుక దొరకలేదు. రాతిపలకల ఫ్యాక్టరీ వెనక పారేసిన ముక్కలు ట్రాక్టరుకు ఎత్తుకొచ్చి, గడపకు అడ్డంగా వరసలు పేర్చి, సందుల్లో నల్లమట్టి మెత్తాం. ఏనుగు తొండం గాలికి విరుగుతుందని ఏనుగునే బోల్టులు విప్పి, గుంత గట్టు చాటున పడుకోబెట్టి, తాడుతో వేపచెట్టుకు కట్టేశాం.

మర్నాడు తెల్లవారుతూనే వాన అందుకుంది. మొదట పండగే. మనవడు తప్పటడుగులు వేస్తుంటే చూసినట్టు అన్న గొడుగు కింద నిలబడి గుంత నిండటం చూశాడు. మధ్యాహ్నానికి గుంత నిండింది, వాన ఆగలేదు. నీళ్లు మోటారు గది వైపు తిరిగి పలకల వరసలు ఒక్కొక్కటే ఎక్కడం మొదలుపెట్టాయి.

"అన్నా, గట్టు తెంపుదాం. కింద వంకే గదా, ఎవరి చేనూ మునగదు."

"నీళ్లను బయటికి వదిలేదా? పిచ్చి గానీ పట్టిందేంరా నీకు?"

బతిమాలాను. చివరికి మొహం తిప్పుకుని, నువ్వే తెంపుకో పో అన్నాడు. గడ్డపార పట్టుకుని గట్టెక్కాను. చెయ్యి లేవలేదు. మాది కొనకనమిట్ల వైపు మెట్ట సేద్యం. చేని గట్టు తెగితే వీపు అడ్డం పెట్టి నీళ్లు ఆపిన మనిషి మా నాయన. గడ్డపార పక్కవాడికిచ్చాను. వాడు ఇంకొకడికిచ్చాడు. మండలానికొకడు చొప్పున పనికి చేరిన మగవాళ్లమంతా వానలో నిలబడి దాన్ని చేతులు మార్చుకున్నాం గానీ ఒక్కరం ఒక్క పోటు పొడవలేదు.

వంటగదిలో ఉప్మా కలుపుతున్న వదినె కొంగు బిగించి వచ్చింది. "ఏందయ్యా, గట్టుకు దండం పెట్టుకుంటున్నారా?" అని గడ్డపార లాక్కుంది. అన్న అడ్డం వచ్చాడు. ఆమె ఆయన మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పింది.

"నీళ్లు మళ్ళీ వస్తాయి, రాకుంటే ట్యాంకరును నేను పిలుస్తా. మోటార్లు పోతే మీరు మళ్ళీ కొనరు. అది నాకు తెలుసు."

పొడిచింది. అన్న కళ్లు మూసుకున్నాడు. గండి పడ్డాక మా చేతులకు ప్రాణం వచ్చింది. అందరం దిగి వెడల్పు చేశాం. పలకల పై వరసను తాకిన నీళ్లు అక్కడే తటపటాయించాయి. కాసేపటికి కింది వరస బయటపడింది. అన్న గదిలోకి పోయి, జ్వరం చూసినట్టు ఒక్కో మోటారు మీదా చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "పొడిగానే ఉండాయి," అన్నాడు. ఆ తర్వాత ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆ గొడవలో ఏనుగును మరిచిపోయాం. తాడు తెగి, గండిలోంచి జారి, తొండమెత్తుకుని వంకలో ఈదుకుంటూ అది నేరుగా తర్లుపాడు చేరింది. జనం ఒడ్డున నిలబడి టెంకాయలు కొట్టారు. రైలు డ్రైవరు నల్లమల అడవి నుంచి నిజం ఏనుగే దిగిందనుకుని బండి ఆపేశాడు. నొసటన పసుపు కుంకుమతో ట్రాక్టరు మీద తిరిగొచ్చింది.

తర్వాత అంతా చాకిరీ. కొలనులో ఎర్రమట్టి ఎత్తిపోశాం, కప్పల్ని సాగనంపాం, కుర్చీలు తేల్చి కడిగాం, చక్రం బోల్టులన్నీ విప్పి నూనె పెట్టి బిగించాం, బ్లీచింగ్ చల్లాం. ఎక్కువైన నీళ్లు బయటికి పోను అన్న గుంతకు అలుగు కట్టించాడు. మోటార్లు ఆన్ చేసినప్పుడు ఆ మోత విని, వదినె వైపు చూడకుండానే, ఈసారి ఇంకో జారుడుబల్ల పెడదామా అని అడిగాడు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒకటుంది. ఏనుగు తర్లుపాడు పోలేదు. వంక మొదటి మలుపులోనే తుమ్మకంపకు తగులుకుని పక్కకు పడి ఉంటే ఈడ్చుకొచ్చాం. ఈత, టెంకాయలు, పసుపు కుంకుమ నేను కల్పించినవి. రైలు ముక్క మాత్రం నాది కాదు, అన్న కలిపినది. టికెట్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. గోడౌన్ మాట ఎత్తడం లేదు గదా అని నేనూ కాదనలేదు.