గోడ దగ్గర ఆగిన దారి

నా చిన్నప్పుడు చూసినవాటిలో నేను పదిమందికీ గొప్పగా చెప్పుకున్నది మా తాత కట్టించిన చలివేంద్రం గురించి. చెప్పిన ప్రతిసారీ తప్పే చెప్పాను. చివరికి ఆ తప్పును బండ మీద కూడా ఎక్కించాను. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు కోస్గికి దగ్గర. సంతకు పోయేవాళ్లు మా చేల పక్క నుంచే నడిచి పోయేవారు. ఆ బాట ఒడ్డున రాతి గోడలతో, తాండూరు బండల కప్పుతో ఒక చిన్న గది ఉండేది. ఎండాకాలం వస్తే లోపల ఇసుక పోసి, అందులో పెద్ద కుండలు కుదురుగా పెట్టేవారు. నీళ్లు పోయడానికి ఒక జీతగాడు కూర్చునేవాడు. నాకు గుర్తున్నది ఆ చల్లదనం, తడి ఇసుక వాసన, వెనక గోడలోంచి బయటికి దిగిన ఒక రేకు గొట్టం. అందులో చెంబెడు నీళ్లు వంపితే అవి గోడ అవతల ఎక్కడో పడేవి. నాకది ఆట. నాకు గుర్తున్నది ఇంతేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆ గది ఎప్పుడో కూలిపోయింది. రాళ్లు ఎవరికి కావలసినవి వాళ్లు ఎత్తుకుపోయారు. తెలంగాణ వచ్చాక బాట తారు రోడ్డయింది, ఆనవాళ్లు కూడా పోయాయి. ఈమధ్య మా పెద్దనాయన కొడుకు, వరసకు అన్న, అదే జాగాలో తాత పేరు మీద మంచినీళ్ల కేంద్రం కట్టిస్తానన్నాడు. నేను పంతులును కాబట్టి శిలాఫలకం మీద మాటలు నన్ను రాయమన్నాడు. "కులమత భేదం లేకుండా బాటసారులందరి దప్పిక తీర్చిన పుణ్యాత్ముడు" అని రాసిచ్చాను. రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కచోట కూడా ఆగలేదు. ఇప్పుడు నా మీద నాకు రోత పుట్టేది అందుకే.

జాగా ఎక్కడో మాత్రం తేలలేదు. అన్న ఒక చోటు చూపిస్తే, చేను కౌలుకు చేసేవాళ్లు ఇంకో చోటు చూపించారు. ఊరి నక్ష, అంటే పటం, తెప్పించి చూశాను. ఇప్పటి నక్షలో రోడ్డు, సర్వే నంబర్లు తప్ప ఏమీ లేవు. అడగగా అడగగా నిజాం కాలంనాటి నక్షకు ఒక నకలు దొరికింది. దాని మీద రాతంతా ఉర్దూ. నాకు ఆ లిపి రాదు. మహబూబ్‌నగర్‌లో మా వీధి చివర, ఉర్దూ చెప్పి రిటైరైన ఒక పెద్దాయన ఉంటారు. ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

వాగు వంపును, ఊరి గుట్టను ఆసరా చేసుకుని ఇద్దరం బాట పట్టుకున్నాం. బాట పక్కన ఒక చిన్న చదరం కనిపించింది. దాని పక్కన రాసి ఉన్నది 'సబీల్' అని చదివారాయన, అంటే దారిన పోయేవాళ్లకు నీళ్లు పోసే చోటు. నేను సంబరపడి లేవబోయాను. ఆయన వేలు మాత్రం కాగితం మీంచి కదలలేదు.

"ఠైరో సార్. గీ చుక్కల గీత చూసినవా? పగ్‌డండీ, కాలిబాట. గీ వాడకెల్లి బయలెల్లి, సబీల్ ఎన్క గోడ కాడికొచ్చి ఖతమ్ అయితాంది. గిటుదిక్కు దర్వాజా ఉండెనా?"

"లేకుండె. దర్వాజా రోడ్డు దిక్కే."

"దర్వాజా లేని గోడకు తొవ్వ ఎందుకు పడ్తది మరి? నడవంగ నడవంగనే గద తొవ్వ పడేది."

జవాబు నా దగ్గర ఉంది. ఆ చుక్కల గీత బయలుదేరింది ఊరి బయటి దళితవాడ నుంచి. ఆయన ఎదుట కూర్చున్నవాడికి కూర్చున్నట్టే ఒక పగటిపూట మొత్తం గుర్తుకొచ్చింది.

ఆ రోజు సంత. జీతగాడు అరుగు మీద కునుకు తీస్తున్నాడు. నేను చెంబు తీసుకుని గొట్టంలో నీళ్లు వంపుతున్నాను. గోడ అవతలి నుంచి ఒక మగ గొంతు, "జర మెల్లగ వొయ్యి, చిన్న పటేలా" అంది. నేను కావాలనే కుమ్మరించాను. ఆ మనిషి పొలమారి దగ్గాడు. ఆ దగ్గు వినడానికి మళ్లీ కుమ్మరించి నవ్వాను. వెనక్కి తిరిగితే మా అవ్వ, తాత భార్య, నిలబడి ఉంది. జీతగానికి అంబలి తెచ్చింది.

ఆమె తిట్టలేదు. చెయ్యి పట్టుకుని నన్ను గది వెనక్కి తీసుకుపోయింది. అటుపక్కకు నేను అంతకుముందు ఎన్నడూ పోలేదు. అక్కడ బురద, ఈగలు. గొట్టం కొస నల్లగా ఉంది. నన్ను గొంతుక్కూర్చోబెట్టి, "గదవ కింద దోసిలి వట్టు" అని చెప్పి లోపలికి పోయింది. నీళ్లు వచ్చాయి. మొదటి గుక్కలోనే తుప్పు, పాచి, ఇంకేదో జిగురు నాలుక మీదికి జారింది. ఉమ్మేశాను. ఆ వెనకే కక్కుకున్నాను.

"ఏమాయెరా?" అని గోడ లోపలి నుంచి అవ్వ అడిగింది. "నువ్వు వోసిన నీళ్లే గద."

"గబ్బు గొడ్తున్నయే అవ్వా."

"ఆళ్లకు గొట్టయారా మరి?"

కుండలను రోజూ తోమేవారు. గొట్టాన్ని ఎవరూ తోమేవారు కాదు. లోపలివాళ్లు ముట్టుకోరు, ఎందుకంటే దాని కొసకు అవతలివాళ్ల చేతులు తగిలి ఉంటాయి. అవతలివాళ్లు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే లోపలి కుండలకు మైల. ఈ రెండు మైలల మధ్య ఆ గొట్టంలో ఏళ్ల తరబడి పాచి పేరుకుంది. దాన్లోంచి వచ్చిన నీళ్లను మా ఇంట్లో పుణ్యం అన్నారు.

అవ్వ ఇంటికి పోయి బూడిద, చింతపండు పిప్పి తెచ్చింది. కట్టెకు పాత గుడ్డ చుట్టి, కొంగు నడుముకు దోపుకుని, బయటివైపు నుంచే గొట్టం తోమింది. నల్లటి ముద్దలు రాలాయి. తరువాత లోపలికి వచ్చి కుండలో చెంబు ముంచి గొట్టాన్ని కడిగింది. అదంతా జీతగాడు చూశాడు.

సాయంత్రానికి తాతకు తెలిసింది. ఆయన అరవలేదు. "బావికాడ తానం జేసినంకనే ఇంట్లకు రా" అని అవ్వతో అన్నాడు. ఆ తరువాత జీతగాణ్ని పంపి కుండలన్నీ పగలగొట్టించాడు. కొత్త కుండలకు కుమ్మరికి చెప్పాడు కాని, అవి వచ్చేసరికి ఆలస్యమైంది. మరుసటి సంత నాడు గది ఖాళీగా ఉంది. బాట దిక్కు వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, నీళ్లు లేవని తెలుసుకుని పోయారు. వెనక గోడ దగ్గరికి వచ్చినవాళ్లకు లోపల ఏముందో కనిపించదు. వాళ్లు పిలిచి, కాసేపు ఆగి, మళ్లీ పిలిచేవారు. నేను పెంకుల మధ్య నిలబడి వింటున్నాను. పక్కనున్న అవ్వ అంది, "నువ్వు గూడ పెద్దగైతే గిట్లనే అయితవారా?"

అయ్యాను. రాళ్లు పోయినట్టే ఆ వెనక గోడ కూడా నా మనసులోంచి పోయింది. చల్లదనం ఒక్కటి మిగుల్చుకున్నాను. కావాలని అబద్ధం చెప్పలేదనుకోవచ్చు. నాకు సుఖంగా ఉన్నదాన్ని గుర్తుంచుకుని, కక్కుకున్నదాన్ని మరచిపోయాను. అది అబద్ధం కన్నా రోత.

నక్ష పట్టుకుని నేరుగా వాడకు పోయాను. అక్కడ చర్చి పక్క ఇంట్లో, వయసులో నాకు తల్లి లాంటి ఒక పెద్దమ్మ ఉంటుంది. కొడుకు బ్యాంకులో పనిచేస్తాడు. గొట్టం సంగతి గుర్తుందా అని అడిగాను. నన్ను కుర్చీలో కూర్చోమని, తను గడప మీద కూర్చుంది.

"యాదికెందుకు లేదు? మా బాపు ఆ నీళ్లు తాగకపోతుండె. సంతకు పొయ్యేటప్పుడు దప్పి గాకుండ నోట్లె ఉల్లిగడ్డ వెట్టుకొని నములుకుంట పోతుండె. 'ఆళ్ల పుణ్యం ఆళ్లకే ఉండనీ' అంటుండె."

ఫలకం మీద రాసింది చదివి వినిపించాను. ఆమె నవ్వింది.

"భేదం లేకపాయెనా? మంచిగ రాసినవ్ సారూ. ఇంకో ముచ్చట గూడ రాయకపోయినవా, మేమే గోడెన్కకు పోయి దాక్కున్నమని."

ఆ మాట తీయించాలని అన్న దగ్గరికి పోయాను. ఫలకం అప్పటికే చెక్కడమైపోయి, వాకిట్లో గోడకు ఆనించి ఉంది.

"తాత నీళ్లు వోసిండా, లేదా?" అన్నాడు అన్న.

"పోసిండు. ఎట్ల పోసిండో చెప్తున్న."

"గప్పుడందరు గట్లనే ఉండిరి. ఒక్క మన తాతనే దొరికిండా నీకు? నువ్వు రాసిందే గదరా బండ మీద. రేపు నలుగురు వస్తరు, నవ్వులపాలు జెయ్యకు."

నలుగురూ వచ్చారు. నక్ష చూపిన జాగాలో కట్టిన కేంద్రం తెరిచిన రోజు మైకు నా చేతికిచ్చినప్పుడు గొట్టం సంగతి, కుండల సంగతి చెప్పాను. ఎవరో వైరు పీకేశారు. గొంతు పెంచి మిగతాది చెప్పాను, ఎంతమందికి వినపడిందో తెలియదు. అన్న ఇప్పుడు నాతో మాట్లాడడు. ఫలకం అక్కడే ఉంది, ఆ మాటతో సహా. దాని కింద నా పేరు లేదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను. ఆ మాట నాది, అది అబద్ధం.

ఇప్పుడు సత్రమైనా, అన్నదానమైనా, పెళ్లి పందిరైనా నేను ముందు దర్వాజా నుంచి నేరుగా లోపలికి పోలేను. ఒకసారి వెనక్కి నడిచి, అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో చూసి వస్తాను. "ఏం వెతుకుతున్నవయ్యా?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. చాలాసార్లు అక్కడ ఎవరూ ఉండరు. ఉన్న రోజున మాత్రం నాకు లోపల ముద్ద దిగదు.