అత్తగారు ఎంచుకున్న నోరు

ఆ ఊళ్లో స్టీరింగు పట్టిన ఆడవాళ్లలో సగం మంది ఆ డ్రైవింగ్ టీచరమ్మ చేత తిట్లు తిన్నవాళ్లే. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "అద్దం చూడమన్నది జుట్టు సవరించుకోవడానికి కాదమ్మా, వెనకెవరొస్తున్నారో చూడ్డానికి" అనేది. ఎవరికీ జడిసే మనిషి కాదు. ఇంట్లోనూ ఆవిడ మాటకు తిరుగుండేది కాదు, కోడలు వచ్చేదాకా.

కోడలు కరెంటాఫీసులో ఫిర్యాదులు వినే ఉద్యోగి. వచ్చిన వాళ్ల అరుపులన్నీ విని, కానిపనిని కాదని చెప్పడం ఆమెకు రోజూ ఉండే పనే. ఇక ఆ ఇద్దరూ ఒక వంటింట్లో ఉంటే చెప్పేదేముంది, ఉప్పూ నిప్పూ. గరిటె ఏ మేకుకు తగిలించాలన్న దగ్గర్నుంచి వాదనే. మధ్యలో కొడుకు ఇద్దరికీ తలూపి, పేపరు చాటున దాక్కునేవాడు.

ఒకరోజు, ఏళ్ల తరబడి తిప్పిన నాలుగు రోడ్ల కూడలిలోనే టీచరమ్మకు ఎటు పోవాలో తోచలేదు. "ఎటు తిప్పమంటారు టీచర్?" అని నేర్చుకుంటున్న అమ్మాయి అడిగితే, "నీకు తెలిసిన దారిలో పోనీ" అంది. అదేదో పరీక్షనుకుని ఆ అమ్మాయి బండిని బుద్ధిగా తిరిగి స్కూలుకు చేర్చింది. టీచరమ్మ ఆమెను మెచ్చుకుని ఇంటికొచ్చింది. కారు తాళాలు కోడలి ముందు పెట్టింది.

"ఇక నేను బండెక్కను. పిల్లల ప్రాణాలతో ఆటలేంటి? డాక్టరు దగ్గరికి నువ్వు రా. వాడు వద్దు, దారిలోనే ఏడుపు మొదలెడతాడు."

మతిమరుపు జబ్బేనని, మందులతో వేగం కాస్త తగ్గినా పూర్తిగా ఆగదని డాక్టరు దాచకుండా చెప్పింది. "ముందు ముందు మీ మనసులో మాట మీరు చెప్పలేకపోవచ్చు. అందుకే ఇప్పుడే ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. మీ తరఫున మాట్లాడే మనిషిని మీరే ఎంచుకోండి" అంది.

ఆదివారం మధ్యాహ్నం కొడుకునీ, కూతుర్నీ, కోడల్నీ కూర్చోబెట్టి టీచరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "నేను మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా నాకు రోజూ బయటిగాలి తగలాలి. మింగలేని రోజొస్తే ముక్కులో గొట్టం వేయించొద్దు. నొప్పి లేకుండా చూడండి, చాలు. ఇంట్లో చూసుకోవడం మీ వల్ల కాకపోతే మంచిచోట చేర్చండి, పాపం చేశామని ఏడవకండి. ఇక నా తరఫున మాట్లాడేది కోడలు."

కూతురి మొహం మాడిపోయింది. "కన్నకూతుర్ని నేనుండగా వదినెందుకమ్మా?"

"నీకు నన్ను వదలబుద్ధి కాదు. మీ అన్నకు కాదనే మాటే నోట రాదు. కోడలు నా మొహం మీదే 'కాదు' అని చెప్పగలిగిన మనిషి. ఇంకొకళ్లకు చెప్పలేదా?"

ఇన్నేళ్ల కాపురంలో అత్తగారు కోడల్ని మెచ్చుకోవడం అదే మొదలు. అయినా ఊరికే ఒప్పుకునే రకమా!

"అలా కాదత్తయ్యా, నేనడిగేవి అడుగుతాను. తగ్గే జబ్బేదో వస్తే?"

"తగ్గేదైతే తగ్గించండి. నన్ను చంపమన్నానా?"

"రేపు మీరే మాట మార్చి ఇంకోటి అడిగితే?"

"అప్పుడు నా మొహం చూడు. మొహం తేటగా ఉంటే, ఇవాళ నేనన్నదానికన్నా అప్పుడు నేనడిగిందే నిజమనుకో."

తర్వాత ఆవిడ చెప్పినవన్నీ కాగితం మీద రాసి, డాక్టరు ముందు అందరూ సంతకాలు చేశారు. కోడలికి మాత్రం ఆ చివరిమాటే మనసులో నాటుకుంది.

కొన్నేళ్లు గడిచాయి. టీచరమ్మకు పేర్లు పోయాయి, తర్వాత మొహాలు పోయాయి. చివరికి తిట్లు కూడా పోయాయి, ఇల్లంతా బోసిగా అనిపించింది. ఒకసారి ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే ఆస్పత్రిలో చేర్చారు. నయమైంది గానీ, మెతుకు మింగితే పొలమారుతోంది. అక్కడి డాక్టరు గొట్టం మాటెత్తాడు.

"వేయించండి. అమ్మను ఆకలితో మాడుస్తామా?" అని కూతురు ఘొల్లుమంది.

ఆఫీసులో కానిపనిని కాదనడం వేరు, ఇది వేరు. కోడలు డాక్టరు వైపు తిరిగి అడిగింది. "గొట్టం పెడితే ఈ పొలమారడం పోతుందా డాక్టర్ గారూ?"

"ఈ దశలో పోతుందని చెప్పలేనమ్మా. ఎక్కువకాలం బతుకుతారనీ చెప్పలేను. కూర్చోబెట్టి, మెత్తనిది కొంచెం కొంచెంగా చేత్తో పెట్టుకోవచ్చు. పొలమారే భయం మాత్రం దానికీ ఉంటుంది."

"అయితే వద్దు. మా అత్తయ్య వద్దన్నారు."

"నీ తల్లయితే ఇలాగే అంటావా వదినా?" అంది ఆడపడుచు.

అప్పుడు గోడవారన నిలబడ్డ కొడుకు చెల్లెలి ముందుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. "అమ్మ అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నానే. నువ్వూ ఉన్నావు. వద్దంది. వద్దు." మాట తొణకలేదు. కోడలు భర్త మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషినా ఇన్నాళ్లూ పేపరు చాటు మనిషనుకున్నది!

టీచరమ్మను ఇంటికి తెచ్చారు. కిటికీ పక్కన మంచం వేశారు. కూతురే సెలవు పెట్టి వచ్చి, అరటిపండు మెత్తగా నలిపి చెంచాతో ఓపిగ్గా తినిపించేది. టీచరమ్మ కొన్నిసార్లు తినేది, కొన్నిసార్లు మొహం తిప్పేసుకునేది. తిప్పుకుంటే చెంచా పక్కన పెట్టేవాళ్లు. రోడ్డు మీద హారను మోగితే ఆవిడ మొహం వెలిగేది. "తేటగానే ఉంది కదూ వదినా?" అని కూతురు అడిగేది. "ఉంది" అనేది కోడలు. కొన్ని నెలలకు, ఒక ఉదయం, ముగ్గురూ పక్కనుండగానే ఆవిడ నెమ్మదిగా వెళ్లిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు కూతుర్ని ఓదార్చబోతే, ఆమె వదిన చెయ్యి పట్టుకుని ముందుకు లాగేది. "మా అమ్మ మాట నిలబెట్టింది ఈవిడే" అని చెప్పేది, ఎవరూ అడగకపోయినా. ఒక సాయంత్రం ఇద్దరూ గిన్నెలు సర్దుతుంటే మెల్లగా అంది.

"వదినా, రేపు నా తరఫున కూడా నువ్వే మాట్లాడాలి."

"నీకూ నాకూ ఒకటే వయసు. నాకన్నా చిన్నదాన్ని చూసుకో. కాస్త నోరున్నదాన్ని" అంది కోడలు, తల ఎత్తి.