ప్రశ్నలో లేని రంపం

వడ్రంగి మేస్త్రీ చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. ఎందుకని అడిగితే, "లెక్కల్లోకి అక్షరాలొచ్చాయి, నేను బయటికొచ్చేశా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి మోసపోకూడదు. ముప్పై ఏళ్లుగా ఆ ఎక్స్ ఆయనకి పంటికింద రాయే. కూతురు ఏడో తరగతికి రాగానే ఒకటే పట్టు పట్టాడు, పిల్ల ఎ సెక్షన్‌కి వెళ్లాలని. లెక్కలు సరిగ్గా చెప్పేది అక్కడే. మిగతా సెక్షన్లని పశువుల్ని తోలినట్టు తోలేస్తారు.

సాయంత్రం పని ఆపి, చిత్రిక పట్టే బల్లమీదే పుస్తకం తెరిపించేవాడు. సమీకరణం ఆయనకి రాదు. లెక్క వచ్చు. "తెలియని ముక్కకి పేరు నువ్వు పెట్టుకో, మిగతాది నాకు చదివి వినిపించు" అనేవాడు. పిల్ల చదివేది, ఆయన చెక్కమీద పెన్సిల్‌తో గీసేవాడు, ఆ గీతల్ని పిల్ల ఎక్స్‌లోకి మార్చుకునేది.

"ఒక్కటి మర్చిపోకు తల్లీ. కోత పడిందంటే రంపం దాని వాటా అది తినే వదులుతుంది. రెండు మిల్లీమీటర్లు. అది పక్కన పెట్టకపోతే తలుపూ పట్టదు, పరువూ దక్కదు."

అర్ధసంవత్సరం పరీక్షలో చెక్క లెక్కే వచ్చింది. రెండొందల నలభై సెంటీమీటర్ల చెక్కని రెండు ముక్కలుగా కోశారు, పెద్దది చిన్నదానికన్నా ముప్పై ఎక్కువ, చిన్నదెంత? లెక్క వచ్చినవాళ్లంతా నూట అయిదు రాశారు. మేస్త్రీ కూతురు రెండు ముక్కల మొత్తానికి రంపం తిన్న సున్నా పాయింట్ రెండు కలిపి సమీకరణం కట్టి, నూట నాలుగు పాయింట్ తొమ్మిది తేల్చింది. నాలుగు మార్కులకి గుండు సున్నా. మార్కుల వరసలో ఎ సెక్షన్‌కి తీసుకునేది ముప్పై మందిని. రెండు మార్కుల తేడాతో పిల్లది ముప్పై ఒకటో నంబరు.

"ప్రశ్నలో రంపం ఎక్కడుందే?" అన్నారు లెక్కల మాస్టారు.

"కోశారని ఉంది కద సార్. మరి దేంతో కోశారు?"

క్లాసంతా గొల్లుమంది. ఆ రోజునుంచి పిల్ల పేరు రంపం.

మర్నాడు మేస్త్రీ చెక్కా రంపమూ టేపూ పట్టుకుని హెడ్మాస్టారి గదికి వెళ్లాడు. రెండు కుర్చీలమీద చెక్క పెట్టి, హెడ్మాస్టారూ లెక్కల మాస్టారూ చూస్తుండగానే కోసి, ముక్కలు రెండూ కొలిచి చూపించాడు. రెండు మిల్లీమీటర్లు తక్కువ. లెక్కల మాస్టారు కళ్లజోడు సర్దుకుని మరీ చూశారు.

"నువ్వన్నది నిజమే మేస్త్రీ. కానీ మాకిచ్చిన జవాబుల కాగితంలో నూట అయిదుంది. నీ పిల్లకి వేస్తే రేపు ప్రతివాడూ ఏదో ఒకటి పట్టుకొస్తాడు."

"అందరిళ్లలో రంపం ఉండదు కదండీ."

హెడ్మాస్టారు నవ్వారు. "అది సరేగానీ, ఎలాగూ సామాన్లతో వచ్చావు. మీ పిల్ల క్లాసులో మూడో బెంచీ ఊగుతోంది, కాస్త చూసి వెళ్లు."

ఆ బెంచీ ఆయన చేసిందే. రోషమున్నవాడైతే చెక్క అక్కడే గిరాటేసి పోయేవాడు. రోషం లేక కాదు, పిల్ల ఇంకా ఆ బడిలోనే చదవాలి. వెళ్లి మోకాళ్లమీద కూర్చుని మేకు కొట్టాడు. వెనకనుంచి ఎవడో "రంపం వాళ్ల నాన్నరా" అన్నాడు. పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

ఆ తర్వాత పుస్తకం బల్లమీదికి రాలేదు. ఒకసారి ఆయనే లోపలికెళ్లి, "ఏం లెక్క తల్లీ?" అంటే, "నువ్వు చెప్పకు నాన్నా" అంది. మెల్లగానే అంది.

సంవత్సరం పరీక్షలో మళ్లీ కోత లెక్కే, ఈసారి ఇనుప గొట్టం. ఫలితాలొచ్చిన రోజు పిల్ల పరుగున వచ్చి మార్కుల కాగితం బల్లమీద పెట్టింది. ఎ సెక్షన్.

"ఈసారి రంపం ఏమీ తినలేదు నాన్నా."

మేస్త్రీ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "మంచిది తల్లీ" అన్నాడు. పొద్దుటినుంచి కోస్తూనే ఉన్నాడేమో, కాళ్లకింద రంపపు పొట్టు మడమలదాకా ఉంది.